వేదనా? వ్యాధా? - విడాకుల కుటుంబాలపై వాలర్‌స్టీన్, హెథరింగ్టన్ గ్రంథాల తులనాత్మక విమర్శ

ఉపోద్ఘాతం

తల్లిదండ్రుల విడాకులు పిల్లల ఆరోగ్యాన్ని శాశ్వతంగా దెబ్బతీస్తాయా? ఈ ప్రశ్నకు అమెరికాలో రెండేళ్ల వ్యవధిలో రెండు భిన్నమైన సమాధానాలు వెలువడ్డాయి. జూడిత్ వాలర్‌స్టీన్ మరి ఇద్దరు సహరచయిత్రులతో కలిసి 2000లో ప్రచురించిన ‘ది అనెక్స్‌పెక్టెడ్ లెగసీ ఆఫ్ డివోర్స్’ ఆ గాయం యౌవనంలోనూ మానదని చెప్పింది. మేవిస్ హెథరింగ్టన్ జాన్ కెల్లీతో కలిసి 2002లో ప్రచురించిన ‘ఫర్ బెటర్ ఆర్ ఫర్ వర్స్’ అత్యధికులు కోలుకుంటారని చెప్పింది. ఇద్దరూ మనోవిజ్ఞాన రంగానికి చెందినవారే. ఇద్దరూ దశాబ్దాల పాటు కుటుంబాలను అనుసరించినవారే. అయినా నిర్ణయాలు భిన్నంగా ఉండడానికి కారణం ‘ఆరోగ్యం’ అన్న మాటకు వారు ఇచ్చుకున్న అర్థంలోనూ, దానిని కొలిచిన పద్ధతిలోనూ ఉంది.

వాలర్‌స్టీన్ పద్ధతి: బలం, పరిమితి

వాలర్‌స్టీన్ అధ్యయనం 1971లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 60 కుటుంబాలతో, 131 మంది పిల్లలతో మొదలైంది. పాతికేళ్ల తర్వాత వారిలో 93 మందిని మళ్లీ కలుసుకోగలగడం సామాన్యమైన శ్రమ కాదు. దీర్ఘ సంభాషణ ఈ గ్రంథానికి ప్రాణం. చిన్న వయసులోనే తోబుట్టువుల ఆలనాపాలనా నెత్తిన వేసుకున్న కేరన్ కథ ఇందుకు ఉదాహరణ. తల్లి కుంగిపోతే ఇంటి భారం బిడ్డ మీద పడుతుంది. తల్లిదండ్రుల ఆరోగ్యాన్నీ పిల్లల ఆరోగ్యాన్నీ వేర్వేరు అధ్యాయాలుగా విడదీయలేమని ఈ కథ నిరూపిస్తుంది. బాల్యంలో అణగి ఉన్న భయం ప్రేమ, వివాహం వంటి నిర్ణయాల వయసులో బయటపడుతుందన్న పరిశీలన కూడా ఈ సంభాషణల ఫలమే.

అయితే ఈ బలమే పరిమితి కూడా. పరిశీలించిన కుటుంబాలు సంపన్న శివారు ప్రాంతానివి. ఉచిత కౌన్సెలింగ్ అందుతుందన్న ఆశతో వచ్చినవి. విడిపోని కుటుంబాల్లో పెరిగిన 44 మందితో పోల్చి చూడడం పాతికేళ్ల తర్వాత మాత్రమే జరిగింది. వాలర్‌స్టీన్, జోన్ కెల్లీ కలిసి 1980లో ప్రచురించిన తొలి గ్రంథం అనుబంధంలోని వివరాల ప్రకారం, వివాహకాలంలో మానసికంగా తగినంత స్థిమితంగా ఉన్న తల్లిదండ్రులు మూడో వంతు మాత్రమే. అంటే విడాకులకు ముందే ఆ ఇళ్లలో అనారోగ్యం ఉంది. పిల్లలకు కలిగిన నష్టంలో విడాకుల వాటా ఎంత, అంతకుముందే ఉన్న అశాంతి వాటా ఎంత అన్నది ఈ పద్ధతి తేల్చలేదు.

ఆండ్రూ చెర్లిన్ బృందం 1991లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పత్రం ఈ సందేహానికి ఆధారం చూపింది. 1958లో బ్రిటన్‌లో పుట్టిన పిల్లల సమాచారాన్ని వారు 7, 11 ఏళ్ల వయసుల్లో పోల్చి చూశారు. విడాకుల ప్రభావంగా కనిపించిన తేడాలో చెప్పుకోదగ్గ భాగం, ముఖ్యంగా మగపిల్లల విషయంలో, తల్లిదండ్రులు విడిపోకముందే ఉన్నదని వెల్లడైంది.

హెథరింగ్టన్ పద్ధతి: అంకె చెప్పేది, చెప్పనిది

హెథరింగ్టన్ పరిశీలన దాదాపు 1,400 కుటుంబాలకు, 2,500 మందికి పైగా పిల్లలకు విస్తరించింది. విడిపోని కుటుంబాలతో పోలిక మొదటి నుంచీ ఉంది. విడాకుల తర్వాత మొదటి ఏడాది తల్లిదండ్రులకు అత్యంత కల్లోలకాలమనీ, రెండో ఏడాది చివరికి ఎక్కువమంది నిలదొక్కుకుంటారనీ ఆమె గుర్తించారు. తీవ్ర సమస్యలున్న పిల్లలు విడాకుల కుటుంబాల్లో 20-25 శాతం, ఇతర కుటుంబాల్లో సుమారు 10 శాతం. ఈ అంకెలను రెండు విధాలుగా చదవవచ్చు: నలుగురిలో ముగ్గురు సాధారణ స్థాయిలోనే ఉన్నారు, అయినా ప్రమాదం రెండింతలు. గ్రంథం మొదటి పఠనానికే మొగ్గు చూపింది.

పైగా ‘తీవ్ర సమస్య లేదు’ అన్న వర్గీకరణలో బాధ నమోదు కాదు. 2000లోనే లిసా లామన్-బిల్లింగ్స్, రాబర్ట్ ఎమరీ ప్రచురించిన అధ్యయనం ఈ ఖాళీని పూరించింది. విడాకుల కుటుంబాల నుంచి వచ్చిన యువతీయువకులు చదువులో, నడవడిలో సాధారణంగానే ఉంటూ బాధాకరమైన జ్ఞాపకాలను మోస్తుంటారని అది చూపింది. వేదన ఉన్నంత మాత్రాన అది వ్యాధి కాదు. వ్యాధి లేనంత మాత్రాన వేదన లేనట్టూ కాదు. వాలర్‌స్టీన్ వేదనను విని వ్యాధిగా పేర్కొన్నారు. హెథరింగ్టన్ వ్యాధిని లెక్కించి వేదనను పక్కకు పెట్టారు.

తెలుగు పరిశోధనకు అన్వయం

ఈ గ్రంథాలను ఆధారంగా తీసుకునే తెలుగు పరిశోధకులు మరొక తేడాను గమనించాలి. ఆ అధ్యయనాల్లో విడిపోవడానికి ఒక తేదీ, ఒక కోర్టు తీర్పు ఉన్నాయి. ఇక్కడ పరిస్థితి అది కాదు. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకులకు 1976లోనే చోటు దొరికినా, 2011 జనగణన ప్రకారం దేశంలో విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలు కాగా, విడిగా జీవిస్తున్నవారు సుమారు 35 లక్షలు. ఏళ్ల తరబడి పుట్టింట్లో ఉండిపోయిన స్త్రీ, ఆమెతో పెరిగే పిల్లలు ఏ తీర్పుప్రతిలోనూ కనిపించరు. కుటుంబ న్యాయస్థానాల దస్త్రాల నుంచి మాత్రమే కుటుంబాలను ఎంచుకునే పరిశోధన అధిక సంఖ్యాకులను వదిలేస్తుంది. ‘ముందు, తర్వాత’ అన్న విభజన కూడా వీరి విషయంలో అంత తేలిక కాదు. వెళ్లడం, సర్దుకుని తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం వీరి జీవితక్రమం.

ముగింపు

వాలర్‌స్టీన్‌ను మాత్రమే ఉదాహరిస్తే, హింసాయుత దాంపత్యంలో ఉన్న తల్లికి ‘పిల్లల కోసం భరించు’ అనే పాత తీర్పునే శాస్త్రం పేరుతో వినిపించినట్లవుతుంది. హెథరింగ్టన్‌ను మాత్రమే ఉదాహరిస్తే, తరగతిలో మొదటి వరుసలో కూర్చుని మార్కులు తెచ్చుకునే బిడ్డ మౌనాన్ని ఆరోగ్యమని పొరబడవలసి వస్తుంది. పోలిక లేని కథా, కథ లేని అంకె రెండూ అసంపూర్ణాలే. విడిపోకముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో అడగడం, అంకెలో ఇమడని బాధను నమోదు చేయడం - ఈ రెండూ ఒకే అధ్యయనంలో కలిసినప్పుడే ఈ విషయంపై జరిగే పరిశోధన తల్లిదండ్రులకూ పిల్లలకూ న్యాయం చేయగలుగుతుంది.