ఆంజనేయులు ముఖం, శంకర్ యాస

టీవీ కామెడీల్లో మీకు నచ్చిందేదని మా ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా జవాబు వయసును బట్టి వస్తుంది. దూరదర్శన్ కాలం వాళ్లు ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’ అంటారు. ఆ తర్వాతి వాళ్లు ‘అమృతం’ అంటారు, ఇప్పటి కుర్రాళ్లయితే ‘జబర్దస్త్’. నా ఓటు ‘అమృతం’కే, కాకపోతే ఒక చిన్న కొరత ఉంది.

2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ఈ సీరియల్ గుణ్ణం గంగరాజు సృష్టి. టైటిల్ పాట సిరివెన్నెలది. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు, వాళ్ల ‘అమృత విలాస్’ హోటలు, అందులో సర్వం అనే సర్వరు, నెత్తి మీద ఇంటి ఓనరు అప్పాజీ. సరంజామా ఇంతే. అమృతానికి ఓ పథకం తడుతుంది, ఆంజనేయులు వద్దంటూనే వెంట నడుస్తాడు, ఇద్దరూ కలిసి మునుగుతారు. మునుగుతారని తెలిసే కూర్చునేవాళ్లం.

అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. పేరు మోస్తున్న మనిషే మారిపోతుంటే ఏ సీరియలైనా కుదేలవ్వాలి. ఇది కాలేదు. ఎందుకంటే ఆంజనేయులుగా గుండు హనుమంతరావు చివరిదాకా ఉన్నారు. ఆయన పనితనం మాట్లాడటంలో కన్నా వినడంలో ఉంది. అమృతం ప్లాను చెబుతున్నంతసేపూ ఆ ముఖం చూడండి. ముందు ఏమీ అర్థం కాదు. కాసేపటికి అర్థమైనట్టే ఉంటుంది. అర్థమయ్యాక భయం పట్టుకుంటుంది. చివరికి స్నేహం చంపుకోలేక ‘సరే’ననేస్తాడు. నవ్వించాలన్న ఆత్రం ఎక్కడా కనబడదు. 2018లో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో ‘ఆంజనేయులు పోయాడట’ అనే అన్నారు.

ఇలాంటి జంట మనకు కొత్తేం కాదు. విజయనగరంలో 1892లో రంగస్థలమెక్కిన ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం కోతలకు శిష్యుడు వెంకటేశం ఉండబట్టే అందం. దాన్ని రాసిన గురజాడ వారు మరో పని కూడా చేశారు, ఎవరి నోట వాళ్ల మాటే పలికించారు. నేనన్న కొరత అక్కడే. ‘అమృతం’ పట్నపు తెలుగులోనే నడిచింది.

2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’లోని ద్వంద్వార్థాల గోల నాకు పడదు. అయినా మా శ్రీకాకుళం జిల్లా కుర్రాడు షకలక శంకర్ వస్తే ఛానల్ మార్చేవాణ్ణి కాదు. రాంగోపాల్ వర్మను అనుకరించి పేరు తెచ్చుకున్నాడు గానీ, నాకిష్టం అతని సొంత యాస. మా వైపు తల్లి ‘గుంటడు ఏటైపోనాడో, బేగి రమ్మంటే రాడు’ అని తిడితే కోపమంతా ఆ చివరి అక్షరం సాగదీతలో వినబడుతుంది. శంకర్‌కు ఆ సాగదీత కొలత తెలుసు. ఊపిరి తీయకుండా నాలుగు మాటలు విసిరి, అయిదోదాన్ని లాగుతాడు. లాగుతున్నప్పుడు ఒళ్లంతా దాని వెంటే పోతుంది, మనకు నవ్వొచ్చేది సరిగ్గా అప్పుడే. మా యాసే పెద్ద జోకన్నట్టు పనివాళ్ల పాత్రలకు తగిలించిన సినిమాలు చాలా చూశాం. ఇతను దానితో తాళం వేశాడు.

అయితే ‘జబర్దస్త్’ స్కిట్టు నిమిషాల్లో అయిపోతుంది, మనిషి కుదురుకునే వ్యవధే ఉండదు. ఆ యాసను ఆంజనేయులు లాంటివాడికిచ్చి ఆరేళ్లు నడిపితే చూడాలని ఉంది. హోటలు నరసన్నపేటలో పెడితే సరి. పొద్దున్నే ఓనరొచ్చి ‘ఏటి బాబూ, నెలెల్లిపోనాది గదా’ అనడంతో మొదటి భాగం మొదలుపెట్టొచ్చు.