చేతి ఆటయంత్రములు: రంగుల తెర, బూడిద తెర

వీడియో ఆటలన్నను, కొత్తగా అంగడికి వచ్చు విద్యుత్పరికరములన్నను చెవి కోసికొను వారు చాలమంది కలరు. ఏ యంత్రము మంచిది, ఏది నాసిరకము అని అడిగినచో వారు తడుముకొనరు. వారి తీర్పులలో పెక్కు అంకెలపై ఆధారపడినవే. తెర ఎన్ని రంగులు చూపును? సెకనుకు ఎన్ని లెక్కలు చేయును? పెద్ద అంకె గలది గొప్పది, చిన్న అంకె గలది తక్కువది. మాటవరుసకు చెప్పుకొను ఇట్టి అభిప్రాయము వలన ఎవరికి నష్టమని తోచవచ్చును. కాని పరికరములు కొనువారు ఈ మాటలు వినియే కొనుచున్నారు. పాఠశాల విద్యార్థులు యంత్రములను గూర్చి ఆలోచించు పద్ధతిని గూడ మొట్టమొదట ఈ మాటల నుండియే నేర్చుకొనుచున్నారు. కనుక వీనిని ఒక పరీక్షకు పెట్టి చూచుట అవసరము. అందుకు జపాను దేశపు నింటెండో సంస్థ 1989వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన విడుదల చేసిన 'గేమ్‌బాయ్' చక్కగా పనికివచ్చును.

గేమ్‌బాయ్ అరచేతిలో పట్టు ఆటయంత్రము. దాని తెర మీద అడ్డముగా 160, నిలువుగా 144 బిందువులు కలవు. ప్రతి బిందువు నాలుగు ఛాయలలో ఒకదానిని మాత్రమే చూపగలదు. ఆ ఛాయలైనను పాచి పట్టిన నీటివలె ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులు. తెర వెనుక దీపము లేదు. అదే సంవత్సరము అమెరికాలో అటారి సంస్థ 'లింక్స్' అను యంత్రమును, మరుసటి యేడు జపానులో సెగా సంస్థ 'గేమ్ గేర్' అను యంత్రమును విడుదల చేసినవి. ఈ రెంటికిని రంగుల తెరలు, తెర వెనుక దీపములు కలవు. 4096 రంగుల నుండి కావలసినవి ఏరుకొని చూపగల శక్తి వానికి ఉండెను. అంకెల లెక్కలో గేమ్‌బాయ్ ఈ రెంటి ముందు నిలువదగినది కాదు.

జరిగినది వేరు. గేమ్‌బాయ్, దాని తరువాత వచ్చిన రంగుల గేమ్‌బాయ్ కలిసి పదకొండు కోట్ల ఎనుబది లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. గేమ్ గేర్ సుమారు కోటి దగ్గర ఆగిపోయినది. లింక్స్ అంత దూరము గూడ పోలేదు.

దీనికి ఆటల ప్రియులు చెప్పు కారణము ఒకటి కలదు: 'నాసిరకపు యంత్రము చౌకగా దొరికినది, పైగా టెట్రిస్ ఆట దానికి అదృష్టవశమున కలిసివచ్చినది, అంతే.' ధర మాట నిజమే. అమెరికాలో గేమ్‌బాయ్ ధర సుమారు 90 డాలర్లు, గేమ్ గేర్ 150, లింక్స్ 180. కాని చౌకదనము, అదృష్టము అనునవి రెండును వివరణలుగా కనబడుచునే అసలు ప్రశ్నను దాటవేయుచున్నవి. ఆ యంత్రము చేతిలో పట్టుకొని తిరుగవలసినది. దానికి తీగ ఉండదు. అట్టి యంత్రమునకు శక్తి ఎక్కడి నుండి వచ్చును, ఎంతసేపు వచ్చును అను ప్రశ్నను ఈ అభిప్రాయము ఎన్నడును అడుగదు.

ఈ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగలదే. పెన్సిలు సెల్లు ఒకటి, ఆల్కలైన్ రకమైనచో, సుమారు రెండున్నర వాట్-గంటల శక్తి నిచ్చును. గేమ్‌బాయ్‌లో అట్టివి నాలుగు; అనగా పది వాట్-గంటలు. ఆ యంత్రము వాడుకొను విద్యుత్తు సుమారు 0.7 వాట్లు. పదిని 0.7 చేత భాగించినచో పదునాలుగు గంటలు వచ్చును. వాడుకలో దొరికిన కాలము గూడ ఇంచుమించు ఈ మేరకే ఉండెను. గేమ్ గేర్‌లో సెల్లులు ఆరు. అనగా పదునైదు వాట్-గంటలు. అయినను అది మూడు మొదలు ఐదు గంటలలోపే ఆగిపోవుచుండెను. పదునైదును ఈ గంటలచేత భాగించినచో ఆ యంత్రము మూడు మొదలు ఐదు వాట్లు త్రాగుచుండెనని తేలును. సెల్లులు ఒకటిన్నర రెట్లు పెట్టినను ఆట కాలము మూడవ వంతుకు పడిపోయినది. పిల్లవాడు వారమునకొకసారి సెల్లులు కొనుటకును, దినమునకొకసారి కొనుటకును తండ్రి జేబులో కనబడు తేడా వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ తేడా అంతయు ఎచటి నుండి వచ్చినది? తెర నుండియే. రెండు రకముల యంత్రములలోను తెర ద్రవస్ఫటికములతో చేసినదే. రెండు ధ్రువణ ఫలకముల నడుమ పలుచని పొరగా ద్రవస్ఫటిక పదార్థము ఉండును. విద్యుత్పీడనము లేనప్పుడు ఆ పొర, తన గుండా పోవు వెలుతురు యొక్క కంపన దిశను త్రిప్పును. పీడనము పెట్టినచో ఆ త్రిప్పుట మారును. దానినిబట్టి రెండవ ఫలకము వెలుతురును విడిచిపెట్టును, లేక అడ్డగించును. ఇందులో వెలుతురును పుట్టించు పని ఏమియు లేదు. తలుపు తీయుట, మూయుట మాత్రమే. తలుపు తీసి మూయుటకు పట్టు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. వెలుతురు మాత్రము బయటి నుండి రావలెను. గేమ్‌బాయ్‌లో అది కిటికీలో నుండియో, పైనున్న దీపము నుండియో తెరలోనికి పోయి, వెనుకనున్న పరావర్తక ఫలకమును తాకి తిరిగి వచ్చును. వెలుతురు ఉచితము.

(ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. ద్రవస్ఫటిక తెర గల పాత కాలిక్యులేటరును తీసికొని, ధ్రువణ అద్దములు గల నల్లకళ్లజోడు గుండా చూచుచు కళ్లజోడును మెల్లగా త్రిప్పినచో, ఒక స్థితిలో తెర అంతయు నల్లబడి అంకెలు మాయమగును. చీకటి గదిలోనికి తీసికొనిపోయినచో కళ్లజోడు లేకయే మాయమగును.)

రంగుల తెర కథ వేరు. రంగు కావలెనన్న ప్రతి బిందువును మూడు తునుకలు చేసి, ఒక దానికి ఎరుపు, ఒక దానికి ఆకుపచ్చ, ఒక దానికి నీలపు వడపోత అద్దము పెట్టవలెను. మొదటి ధ్రువణ ఫలకము వద్దనే వెలుతురులో సగమునకు పైగా పోవును. మిగిలినదానిలో వడపోత అద్దము తన రంగును మాత్రము విడిచి తక్కినదంతయు మ్రింగివేయును; అనగా ఇంచుమించు మూడింట రెండు వంతులు. వరుసల నడుమ నడచు తీగలు మరికొంత అడ్డగించును. చివరకు కంటికి చేరునది నూరింట కొద్ది పాళ్లు మాత్రమే. గదిలోని వెలుతురు లోనికి పోయి తిరిగి వచ్చినచో ఈ నష్టము రెండు మారులు జరుగును, ఏమియు కనబడదు. కావున తెర వెనుక చిన్న ఫ్లోరసెంట్ గొట్టమును వెలిగించిరి. దానిని వెలిగించుటకు సెల్లుల చిన్న పీడనమును వందల వోల్టులకు పెంచు వలయము కావలసి వచ్చినది. గొట్టము పుట్టించిన వెలుతురులో ఎక్కువ భాగము ఫలకములలోను అద్దములలోను వేడిగా మారుచుండెను. గేమ్ గేర్ కొన్న పిల్లలు సెల్లులతో కొన్నది, ముఖ్యముగా, ఈ వేడి.

ఇంత ఖర్చు పెట్టియు ఆరుబయట ఎండలో ఆ రంగులు వెలవెలబోవుచుండెను. గొట్టపు వెలుతురు సూర్యుని వెలుతురుతో పోటీపడజాలదు గదా. గేమ్‌బాయ్ తెర ఎండ పెరిగినకొలది స్పష్టపడుచుండెను. ఇంట గోడకు తగిలించిన తీగతో ఆడువారికి మాత్రము గేమ్ గేర్ మంచి యంత్రమే. ఒక ఉపకరణము తగిలించి అందులో టెలివిజను గూడ చూడగలిగిరి. ఇంట కూర్చుండి ఆడువానికి ఇంట పెద్ద తెర యుండగా చేతి యంత్రము దేనికన్నది వేరు ప్రశ్న.

టెట్రిస్ కలిసివచ్చుట కేవలము అదృష్టము కాదనుటకు ఆ ఆట పుట్టుకయే సాక్ష్యము. 1984లో మాస్కోలో, సోవియట్ శాస్త్ర అకాడమీ కంప్యూటరు కేంద్రమున పనిచేయుచుండిన అలెక్సీ పజిత్నోవ్ దానిని ఎలెక్ట్రోనికా-60 అను కంప్యూటరుపై వ్రాసెను. ఆ కంప్యూటరునకు బొమ్మలు చూపు శక్తియే లేదు. అక్షరములు, కుండలీకరణ చిహ్నములు మాత్రమే ఉండెను. వానితోనే గడులను గీసెను. నాలుగేసి చదరములు గల ఏడు ఆకారములను గుర్తించుటకు రంగు అక్కరలేదు, ఆకారము చాలును. గేమ్‌బాయ్‌పై ఆ ఆటస్థలము అడ్డముగా 10, నిలువుగా 18 గడులు; గడికి ఎనిమిది బిందువుల ప్రక్క. తెర ఎత్తు 144 బిందువులలో ఒక్కటియు వృథా పోలేదు. ఇంకొక సూక్ష్మము కలదు. గేమ్‌బాయ్ తెరలోని ద్రవస్ఫటికములు మందకొడివి. వేగముగా కదలు బొమ్మ వెనుక నీడ వంటి మరక సాగుచుండెను. పరుగెత్తుచు దుముకు ఆటలలో ఇది చికాకు పెట్టెను. టెట్రిస్ ముక్క గడి నుండి గడికి దిగి ఆగును, కావున మరక అంతగా తెలియదు. తెర దోషమునకును ఆట స్వభావమునకును ఇంత చక్కగా పొంతన కుదిరిన సందర్భములు అరుదు. 1990 ప్రాంతముల తరువాత తెలుగునాట బొమ్మల దుకాణములలో అమ్మిన చవక 'బ్రిక్ గేము'లు ఈ ఆటనే అనుకరించినవి. వానికి బూడిద ఛాయలు సైతము లేవు, నల్లని గడులు మాత్రమే. పిల్లలు విడువక ఆడిరి.

గేమ్‌బాయ్ దోషములను మాత్రము కప్పిపుచ్చరాదు. మరక సంగతి చెప్పబడినది. చీకటి పడిన తరువాత దీపము క్రిందికి జరుగవలెను. వేడిమి, చూపు కోణము మారినప్పుడెల్ల ప్రక్కనున్న చక్రమును త్రిప్పి ఛాయలను సరిచేసికొనవలెను. 1996లో వచ్చిన చిన్న గేమ్‌బాయ్‌కి మెరుగైన తెర పెట్టుటయే పాత తెర లోపమును సంస్థ ఒప్పుకొన్నట్లు. నాసి తెర అనిన ఆటల ప్రియుల మాట, తెర వరకు, నిజము. తెరను యంత్రముగా పొరబడుటయే వారి తప్పు.

ఇటీవలి కాలమున ఈ అభిప్రాయము తలక్రిందులై మరియొక రూపమున ప్రచారములోనికి వచ్చినది. గేమ్‌బాయ్‌ని రూపొందించిన బృందమునకు నాయకుడు గున్‌పెయ్ యోకోయి. 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయన పని, పేకముక్కలు తయారుచేయు యంత్రములను చూచుకొనుట. పాతబడి, పండి, చౌకయైన సాంకేతిక విద్యను కొత్త పనికి మళ్లించవలెనన్నది ఆయన సూత్రము. కాలిక్యులేటరు తయారీదారుల పోటీ వలన ద్రవస్ఫటిక తెరలు చౌకబడగా, 1980లో ఆయన వానితో 'గేమ్ అండ్ వాచ్' అను జేబు ఆటలు చేసెను. ఇప్పుడు కొందరు ఈ సూత్రమును మంత్రమువలె జపించుచు, శక్తి తక్కువ యంత్రమే తెలివైన యంత్రమనుచున్నారు. 2017లో వచ్చిన నింటెండో 'స్విచ్' 15 కోట్లకు పైగా అమ్ముడుపోవుట వారికి బలము నిచ్చినది. 2020 నవంబరులో వచ్చిన రెండు పెద్ద యంత్రములలో ఎక్స్‌బాక్స్ సెకనుకు 12 లక్షల కోట్ల గణనలు, ప్లేస్టేషన్ 10 లక్షల 28 వేల కోట్లు చేయునని ప్రచారము జరిగినది. పెక్కు ఆటలు మాత్రము రెంటిలోను దాదాపు ఒకే తీరున నడచినవి. కావున అంకెలను నమ్మరాదని వారి వాదము.

ఇదియు మొదటి దాని వంటిదే. అప్పుడు పెద్ద అంకెను చూచి మెచ్చిరి, ఇప్పుడు చిన్న అంకెను చూచి మెచ్చుచున్నారు. రెండు సందర్భములలోను ఆ అంకె ఏ పనికి అన్నది అడుగబడలేదు. యోకోయి చేసిన మరియొక యంత్రమే ఇందుకు సాక్ష్యము. 1995లో వచ్చిన 'వర్చువల్ బాయ్' కంటికి అద్దములు ఆనించి లోతుగల బొమ్మలు చూచు యంత్రము. కంటికొక నిలువు వరుసగా 224 ఎర్రని కాంతి డయోడులు, వాని వెలుతురును సెకనుకు 50 మారులు ఊగు అద్దముతో తెరవలె పరచుట. ఎరుపే ఏల? ఎర్రని డయోడులు పండి, చౌకయైనవి. ప్రకాశవంతమైన నీలి డయోడు అప్పటికి రెండేండ్ల పసిది. (ఆ నీలి డయోడునకే 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి లభించినది.) సూత్రము అక్షరాల పాటింపబడినది. కాని బల్లమీద నిలిపి, తల వంచి చూడవలసిన యంత్రమునకు వెంట తీసికొనిపోవు సౌలభ్యము పోయినది. ఎరుపు, నలుపు తప్ప మరి రంగు లేని బొమ్మ, లోతు చూపవలసిన పనికి చాలలేదు. పది లక్షలైనను అమ్ముడుపోక, ఏడాది తిరుగకముందే అది అంగడి నుండి తొలగింపబడినది. గేమ్‌బాయ్‌లో రంగును వదలుకొనుట వలన పదునాలుగు గంటలు లభించినవి. వర్చువల్ బాయ్‌లో రంగును వదలుకొనుట వలన ఆడువానికి లభించినది లేదు.

1998 అక్టోబరులో నింటెండో రంగుల గేమ్‌బాయ్‌ని విడుదల చేసినది. దానిలోను తెర వెనుక దీపము లేదు. బయటి వెలుతురుతోనే రంగులు చూపగల తెర అప్పటికి చౌకగా దొరికెను. రెండు పెన్సిలు సెల్లులతో పది గంటలకు మించి నడచినది. అంతకు పూర్వమే యోకోయి నింటెండోను విడిచి, బండాయ్ సంస్థ కొరకు 'వండర్‌స్వాన్' అను చేతి యంత్రపు రూపకల్పనలో పాల్గొనెను. అది 1999 మార్చిలో అంగడికి వచ్చినప్పుడు చూచుటకు ఆయన లేడు. 1997 అక్టోబరులో రోడ్డు ప్రమాదమున మరణించెను. ఒకే ఒక పెన్సిలు సెల్లుతో వండర్‌స్వాన్ సుమారు ముప్పది గంటలు నడచును. విద్యుత్తు లెక్కలో అది గేమ్‌బాయ్ కంటె ఎన్నో రెట్లు మేలైనది. దాని తెర బూడిద రంగుది, రంగుల గేమ్‌బాయ్ వచ్చి అప్పటికి ఐదు నెలలు.