తప్పును దోషమును – విడాకుల భాషపై విమర్శ

విడాకులను గూర్చి తెలుగునాట జరిగిన చర్చ యెక్కువగా ధర్మాధర్మములను బట్టినది. ఆ చర్చకు సాధనములైన మాటలను పరీక్షించినవారు తక్కువ. "విడాకులు" అను శబ్దమున విడు ధాతువును, ఆకు శబ్దమును గానవచ్చుచున్నవి. తాటాకుపై వ్రాయు దేశమున ఆకు వ్రాతకును బేరైనది. సంస్కృతమున పత్రశబ్దమునకును నిదే గతి పట్టినది. ఈ మాటయందు విడిపోవుటయు, అందులకు గుర్తును గలవు. ఇరువురిలో చెడ్డవా రెవ్వరో చెప్పు భాగము లేదు. విడనాడుట, మారుమనువు అను మాటలును నిట్టివే. బైబిలు ననువదించినవారు "పరిత్యాగపత్రిక" యను సమాసమును గైకొన్నపుడు మాత్రము విడుచువా డొకడును, విడువబడున దొకతెయు నందేర్పడిరి.

నేరమును జెప్పుటకు దేశ్యమున వేఱొక మాట గలదు. అది తప్పు. పల్లెపంచాయితీలలో "తప్పు చేసినాడు" అనుటయు, "తప్పు కట్టినాడు" అనుటయు నొకే శబ్దముతో జరుగును. చేసినదియు తప్పే, దానికై చెల్లించు దండుగయు తప్పే. ఈ శ్లేష కవులు కల్పించినది కాదు. కట్టినయెడల తీరిపోవునది యని దాని తాత్పర్యము. ఇల్లందు ప్రాంతపు కోయపల్లెలలోను, గోదావరి యొడ్డు కొండజాతులలోను వివాహము విడిపోవు తీరు ఈ శబ్దార్థము ననుసరించియే యున్నది: కులపెద్దలు కూర్చుందురు, తప్పెవరిదో తేల్తురు, తప్పు వేయుదురు, స్త్రీ మఱియొకనితో బోయిన పక్షమున క్రొత్త భర్త పాత భర్తకు సొమ్ము చెల్లించును. సొమ్ము చేతులు మాఱినపిమ్మట నాటి నిందను మరల నెత్తుట మర్యాద కాదు.

దీనిని స్వర్గముగా వర్ణించుట సరికాదు. సొమ్ము చాలవఱకు పురుషుని చేతినుండి పురుషుని చేతికే పోవును. స్త్రీకి భరణమను మాట అందు వినబడదు; బిడ్డలు సామాన్యముగా తండ్రి వంశమునకే చెందుదురు. అయినను తప్పునకు ముగింపు గలదు. ఈ యొక్క గుణమును శాసనమందలి "దోషము"తో పోల్చి చూడవలసియున్నది.

పోల్చుటకు ముందు సంస్కరణయుగపు సాహిత్యము విడిచివేసిన యొక విషయమును స్మరింపవలెను. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడును, పిదప తెలుగున వీరేశలింగము పంతులుగారును వితంతూద్వాహమునకు బరాశరస్మృతి శ్లోకము నాధారముగా జూపిరి. ఆ శ్లోకము చెప్పు ఆపదలు అయిదు: భర్త కనబడకపోవుట, మరణించుట, సన్న్యసించుట, క్లీబుడగుట, పతితుడగుట. సంస్కర్తలకు కావలసినది రెండవది మాత్రమే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున జరిగిన వివాహము దానినే నిలబెట్టినది. తక్కిన నాలుగును భర్త బ్రదికియుండగా గలుగునవి; నేటి మాటలో విడాకుల కారణములు. మాధవాచార్యుడు ఆ శ్లోకము యుగాంతరమునకు జెల్లునని వ్యాఖ్యానించెనని పూర్వపక్షులు వాదించిరి. సంస్కర్తలు దానిని ఖండించిరి. కాని ఖండనమునకు గెలుపు గలిగినపిమ్మటను మిగిలిన నాలుగింటిని ఎత్తిపట్టినవారు కనబడరు. ప్రమాణము దొరకకపోవుటచే గాదు, దొరికిన ప్రమాణమును అయిదింట నొక పాలే చదువుటచే ఆ లోపము కలిగినది.

ఆ లోపము నవలలలోను గన్పట్టును. చలము "మైదానము" (1927)లో నాయిక యొక వకీలు భార్య. చట్టమెఱిగినవాడు ఇంటనే యున్నను, అగ్రవర్ణపు హిందూస్త్రీ వివాహమునుండి బయటపడుటకు నాటి చట్టమున ద్వారమే లేదు. ఆమె చేసినదానికి తెలుగున నున్న మాట "లేచిపోవుట" యొక్కటే. పెక్కుమంది విమర్శకులు ఆమె నడవడిని తూచిరి గాని, వేఱుమాట లేని భాషను, వేఱుదారి లేని చట్టమును తూచరైరి. అదే కాలమున ఇల్లందడవిలో నిట్టి స్త్రీకి పంచాయితీ యుండెను, తప్పుండెను, మారుమనువుండెను.

మదరాసు రాష్ట్రమున హిందువులకు విడాకుల శాసనము 1949లో వచ్చినది. ఇల్లందు అప్పుడు హైదరాబాదు రాజ్యములోనిది గావున దాని కది చెల్లలేదు. ఉభయప్రాంతములకును గలిపి చెల్లినది 1955 నాటి హిందూ వివాహ చట్టము. అందలి 13వ ప్రకరణము దోషముల పట్టిక. ఆ పట్టికలో సన్న్యసించుటయు, ఏడేండ్లు జాడ తెలియకుండుటయు, మతము మాఱుటయు జూచువారికి పరాశరుని యాపదలు గుర్తునకు రాకమానవు. క్లీబత్వము 12వ ప్రకరణమునకు దొలగి వివాహమును రద్దుచేయు కారణమైనది.

సాహిత్యజ్ఞులకు విచారింపదగినది ఆ పట్టికలోని క్రియారూపము. 1955లో విడాకులకు కారణము జారత్వమున "జీవించుచుండుట". వర్తమానక్రియ, నడుచుచున్న బ్రదుకును జెప్పునది. 1976 సవరణతో నది వివాహానంతరము పరసంగమము "చేసియుండుట"గా మాఱినది, ఒక్కమారైనను జాలును. మానిన పనియైనను దోషముగా నిలిచినది. ఆ సవరణమే క్రౌర్యమును, రెండేండ్ల పరిత్యాగమును విడాకుల కారణములుగా జేసినది. అంతకుముందు వాని ఫలము న్యాయిక వేర్పాటు మాత్రమే. క్రౌర్యమునకు ముందున్న విశేషణవాక్యమును దీసివేసి, ఆ పదమును నిర్వచనము లేకుండ విడిచిరి. ఒక్కొక్క కేసున న్యాయమూర్తియే దాని నిఘంటుకారుడైనాడు. 1975లో దాస్తానే కేసున సుప్రీముకోర్టు, ఇట్టి వ్యాజ్యములలో సంభావ్యత యెటు మొగ్గునో చూచిన జాలును, క్రిమినలు కేసునందువలె నిస్సంశయమైన రుజువక్కఱలేదని చెప్పినది. 2007లో సమర్ ఘోష్ కేసున మానసిక క్రౌర్యమునకు ఉదాహరణము లిచ్చుచు, ఇవియే యన్నియు గావని చేర్చినది. నిర్వచింపని పదము దయకును దావిచ్చును, అపవాదమునకును దావిచ్చును. అర్జీ వ్రాయువారు దాంపత్యమును తొలినాటినుండి చెడ్డదిగనే వర్ణింపవలసి వచ్చుటకు కారణమిదియే. నడుమ మంచినాళ్లున్నవని యొప్పుకొన్నచో, క్షమించితిరి గదా యని 23వ ప్రకరణ మడ్డుపడును. క్షమ అర్జీదారునకు నష్టమగు గ్రంథ మిది.

దోషము రుజువైనపిమ్మట నేమగును? వివాహము తెగును, అప్పీలు గడువు తీరినపిమ్మట నిరువురును మరల పెండ్లాడవచ్చును. కాని దోషము అంతటితో వదలదు. 25వ ప్రకరణము ప్రకారము శాశ్వతభరణమును నిర్ణయించునపుడు ఉభయుల ప్రవర్తనమును జూడవలెను. భరణము పొందిన భార్య పిదప శీలము దప్పినదని రుజువైనచో దానిని మాన్పవచ్చును. విడిపోయిన స్త్రీ నడవడిపై విడిచిన పురుషునకు మిగిలిన యీ కాపలా, తప్పు కట్టి లేచిన పంచాయితీలో లేదు. భరణమును పంచాయితీలో లేదు. ఒక చోట ముగింపు గలదు, కూడు లేదు. మఱియొక చోట కూడు గలదు, ముగింపు లేదు.

ఇల్లందున నీ రెండును నొక వీథిలోనే యున్నవి. 1889లో సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలైనది మొదలు మైదానప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు బొగ్గుట్ట చుట్టును స్థిరపడినవి. వారిలో హిందువులకు 13వ ప్రకరణము వర్తించును. ప్రక్కనున్న కోయలకు వర్తింపదు. కేంద్రప్రభుత్వము గెజెటులో బ్రకటించిననే తప్ప ఈ చట్టము షెడ్యూల్డు తెగలకు జెల్లదని 2వ ప్రకరణము చెప్పుచున్నది. ఇది ఆచారమును గౌరవించుటగా గన్పట్టును. చిక్కంతయు రుజువునందున్నది. ఆచారము ప్రాచీనమనియు, నిశ్చితమనియు, ఎడతెగనిదనియు గోరినవారే సాక్ష్యముతో నిలుపవలెను. 2001లో సుప్రీముకోర్టు విచారించిన యొక కేసున, భర్త రెండవ పెండ్లి చేసికొనెనని గిరిజనస్త్రీ యొకతె ఫిర్యాదు చేసినది. అట్టి పెండ్లి చెల్లదను ఆచారము చట్టబలముతో నున్నదని చూపలేకపోవుటచే నామె యోడిపోయినది.

కోయల యాచారములను వ్రాతకెక్కించినవారు లేకపోలేదు. దుమ్ముగూడెమునందుండిన కెయిన్ దొర 1876 మొదలు ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్యాసములు ప్రకటించెను. పెండ్లి వేడుక పరదేశి కంటికి వింతగా దోచును గావున వ్రాతకెక్కును. ఇద్దఱు చెట్టుక్రింద గూర్చుండి తప్పు తీర్చుకొని లేచిపోవుట యెవని కంటికిని వింత కాదు. న్యాయస్థానము గోరునది ఆ రెండవదాని రుజువే. భర్తనుండి ఆచారముచొప్పున విడిపోయి గనిపనివానిని మనువాడిన కోయస్త్రీ, అతడు పోయినపిమ్మట పింఛనుకై అర్జీ పెట్టినచో, మొదటి వివాహము తెగినదనుటకు ఆధార మడుగుదురు. ఆమె చేతనున్నది, ఉన్నయెడల, పెద్దల వ్రేలిముద్రలుగల కాగితము. తప్పు కట్టినవాడును, కట్టించుకొన్నవాడును, తీర్పుచెప్పిన పెద్దలును బ్రదికియుండి సాక్ష్యమిచ్చినంతకాలమే ఆ కాగితమునకు బలము.