గూడేనికి లెక్కలో చోటెక్కడ?

నియోజకవర్గాల పునర్విభజన మాట వచ్చినప్పుడల్లా దక్షిణాది నాయకులు ఒక వాదన చేస్తున్నారు. జనాభా ఒక్కటే కొలత అయితే కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోతాయి, ఢిల్లీలో మన గొంతు సన్నబడుతుంది అని. న్యాయమైన మాటే. అయితే ఆ న్యాయం రాష్ట్రం పొలిమేర దగ్గరే ఎందుకు ఆగిపోతుందన్నది మా ప్రశ్న.

2011 జనగణనలో లక్షద్వీప్ జనాభా 64 వేల పైచిలుకు. వారికి లోక్‌సభలో ఒక సభ్యుడున్నాడు. అదే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చెంచులూ 64 వేల పైచిలుకే. వీరికి ఎంపీ సంగతి అటుంచండి, ఎమ్మెల్యే కూడా లేడు. దీవులవాళ్ల మీద మాకు ఈర్ష్య లేదు. వాళ్లలో నూటికి తొంభైమందికి పైగా మనలాంటి షెడ్యూల్డ్ తెగలవాళ్లే. చుట్టూ సముద్రముంటే లెక్కకొచ్చిన మనుషులు, చుట్టూ అడవి ఉంటే ఎందుకు రారు?

నంద్యాల లోక్‌సభ స్థానంలో ఓటర్లు 15 లక్షలు దాటారు. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు ఇక్కడినుంచే గెలిచారు. 2017 అసెంబ్లీ ఉప ఎన్నికకు మంత్రులు నంద్యాలలో మకాం వేశారు. ఆ మెజారిటీల లెక్కల్లో నల్లమల గూడేల ఓట్లు ఏ మూలకు? అహోబిలం నరసింహుడు చెంచులింటి అల్లుడని ఆళ్లగడ్డలో చిన్నపిల్లలకూ తెలుసు; ఆ చుట్టరికం శాసనసభ దాకా మాత్రం రాలేదు.

రిజర్వేషన్ ఉంది కదా అంటారు. రాష్ట్రంలోని 175 సీట్లలో ఎస్టీలకు 7. పాలకొండ నుంచి పోలవరం దాకా అన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీలోనివే. గిరిజనులు ఒకేచోట గుమిగూడి ఉన్నచోటే ఆ సీటు పడుతుంది. రాయలసీమలో ఒక్కటీ లేదు. కృష్ణకు అవతల అమ్రాబాద్ చెంచులు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నారు, వాళ్ల గ్రామసభకు పెసా చట్టం అండ ఉంది. ఇవతల నంద్యాల జిల్లా గూడేలకు అదీ లేదు. ఒకే తెగ, ఒకే అడవి, నడుమ ఒక ఏరు.

నామినేట్ చేస్తే సరిపోతుందని కొందరి సలహా. ఆంగ్లో ఇండియన్లకు 2020 దాకా అలాంటి సీట్లుండేవి. మేము దీనికి ఒప్పుకోము. నామినేట్ అయినవాడు తనను పంపిన పార్టీ ముఖమే చూస్తాడు గానీ గూడెం ముఖం చూడడు. సిక్కిం శాసనసభలో బౌద్ధ సన్యాసులకు 'సంఘ' సీటు ఒకటుంది. దానికి భూమి మీద హద్దుల్లేవు. గుర్తింపు పొందిన మఠాల సన్యాసులు, సన్యాసినులు రాష్ట్రంలో ఎక్కడున్నా ఆ సీటుకే ఓటేస్తారు. అలాంటి జాబితా చెంచులకెందుకు ఉండకూడదు? వేరు జాబితా మనుషుల్ని వేరు చేస్తుందన్న భయం 1932 పూనా ఒప్పందం నాటిది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. కానీ ఇప్పుడున్న జాబితా చెంచుల్ని ఎవరితో కలిపిందో ముందు చెప్పాలి.