కొలిమిలో కాగిన గొంతు

2011 మే 25 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని నోకియా థియేటర్ వేదిక మీదికి ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకరు గిటారిస్టు రిచీ ఫాక్నర్. నలభై ఏళ్ళ పాటు జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండ్‌లో వాయించిన కె.కె. డౌనింగ్ తప్పుకుంటే, ఆ స్థానంలోకి వచ్చినవాడు. ఆ బ్యాండ్‌తో కలిసి జనం ముందు వాయించడం అతనికి అదే మొదటిసారి. రెండోవాడు ఇరవై రెండేళ్ళ జేమ్స్ డర్బిన్. ‘అమెరికన్ ఐడల్’ అనే టీవీ పాటల పోటీ పదో సీజన్‌లో పాడి, దాదాపు రెండు వారాల ముందే నాలుగో స్థానంతో వెనుదిరిగిన కుర్రాడు. వాళ్ళతో పాటు వేదిక మీద ఆ బ్యాండ్ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్. ఇంకో మూడు నెలల్లో అరవై నిండుతాయి. పాడినవి రెండు పాటలు, రెండూ 1980 నాటి ‘బ్రిటిష్ స్టీల్’ ఆల్బమ్‌వే.

ఆ రాత్రి ఆ సీజన్ ఫైనల్. గెలిచింది పదిహేడేళ్ళ కంట్రీ గాయకుడు స్కాటీ మెక్‌క్రీరీ. 12 కోట్లకు పైగా ఓట్లు పడ్డాయి. అయినా నాకు ఆ సీజన్ అనగానే గుర్తొచ్చేది డర్బిన్ పక్కన హాల్‌ఫర్డ్ నిలబడిన ఆ కొద్ది నిమిషాలే. ఓట్లు చాలక ఇంటికి వెళ్ళినవాడితో, తాను ఏ పాటలతో పేరు తెచ్చుకున్నాడో ఆ పాటలనే పెద్దాయన పంచుకున్నాడు. హెవీ మెటల్ గానం ఒక విద్య. దానికి గురువులున్నారు, సాధన ఉంది, ఒకరి నుంచి ఒకరికి అందే వరస ఉంది. ఈ సంగతి మెటల్ వినే అలవాటే లేని ఇళ్ళలోకి కూడా టీవీ పోటీల ద్వారానే చేరింది. ఆ విద్య ఎలాంటిదో కొంచెం విప్పి చెప్పాలని నా కోరిక.

ఇది పుట్టిన చోటు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్, దాని చుట్టుపక్కల ఉన్న ఇనుప కార్ఖానాల ఊళ్ళు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. మెటల్‌కు ఆ బరువైన నాదం రావడానికి ఇదొక కారణం. హాల్‌ఫర్డ్ పెరిగింది పక్కనే ఉన్న వాల్సాల్‌లో. బడికి వెళ్ళే దారిలో ఇనుము కరిగించే ఫౌండ్రీలు ఉండేవనీ, ఆ పొగ పీలుస్తూ, ఆ మోత వింటూ పెరిగాననీ ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. అంత మోతలో గొంతు వినిపించాలంటే ఏం చేయాలి? మెటల్ గాయకుడి ముందున్న మొదటి ప్రశ్న అదే.

గట్టిగా పాడాలంటే గాలి ఎక్కువ వదలాలని కొత్తవాళ్ళందరూ అనుకుంటారు. జరగాల్సింది దానికి పూర్తిగా తలకిందులు. స్వరతంత్రుల మీదికి గాలి ఒక్కసారిగా తోసుకొస్తే అవి ఒకదానికొకటి బాదుకుంటాయి, వాస్తాయి, మర్నాటికి గొంతు బొంగురుపోతుంది. అనుభవం ఉన్న గాయకుడు నిండా ఊపిరి తీసుకుని, పక్కటెముకలు వెంటనే కుంగిపోకుండా నిలబెట్టి, కడుపు కండరాలతో అదుపు చేస్తూ గాలిని పొదుపుగా వదులుతాడు. మన సంగీతం మాస్టార్లు “నాభి దగ్గర్నుంచి పాడు” అంటారే, ఆ మాటే ఇక్కడా పనికొస్తుంది. మెటల్ గాయకుడు రానీ జేమ్స్ డియో చిన్నప్పుడు ట్రంపెట్ నేర్చుకున్నాడు. తన ఊపిరి పట్టు ఆ వాయిద్యం పెట్టిన భిక్షేనని చెప్పేవాడు. చిన్న ఆకారం, కొండలు పలికే గొంతు. ఆయన పాత ప్రదర్శనలు చూస్తే మెడ నరాలు ఉబ్బడం కన్నా ఛాతీ నిబ్బరంగా నిలవడమే ఎక్కువ కనిపిస్తుంది.

తరవాతిది స్థాయి. మామూలుగా మాట్లాడే గొంతు ఛాతీలో మోగుతుంది. పైస్థాయిలో అది తలలో మోగుతున్నట్టు ఉంటుంది. ఈ రెంటి మధ్య ఒక అతుకు ఉంటుంది, సాధన లేని గొంతు అక్కడే చీలుతుంది. ఆ అతుకు వినపడకుండా కింది బలాన్ని పైకి మోసుకుపోవడం సంవత్సరాల పని. హాల్‌ఫర్డ్ ఒక్కోసారి ఆ అతుకును దాచడు. కింద గరగరమన్న గొంతు నుంచి ఒక్క ఊపులో పైకి దూకి, అక్కడ సూదిమొనలాంటి నాదం పట్టుకుని, దాన్ని వణికించి వదులుతాడు. 1976 నాటి ‘విక్టిమ్ ఆఫ్ చేంజెస్’ చివర్లో వచ్చే కేక అలాంటిది. 1990లో వచ్చిన ‘పెయిన్‌కిల్లర్’ అయితే పాట చాలావరకు ఆ పై అంతస్తులోనే నడుస్తుంది. ఆ పాటను వేదిక మీద పాడి నిలబడటం ఎంత కష్టమో ఎవరైనా పాడబోతే గాని తెలియదు.

అచ్చుల సంగతి చాలామంది గమనించరు. పైస్థాయిలో ‘ఈ’, ‘ఊ’ లాంటి అచ్చులు నోటి దారిని ఇరుకు చేస్తాయి. అందుకని గాయకుడు వాటిని మెల్లగా ‘ఎ’ వైపో ‘ఆ’ వైపో తెరుస్తాడు. మెటల్ పాటల్లో మాట కాస్త మారి వినిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు నాలుక మొదట్లో క్యాన్సర్ వచ్చి, 2015లో చికిత్స పూర్తయ్యాక, ఆయన గొంతును తొందరపెట్టకుండా నెలల తరబడి విశ్రాంతి ఇచ్చాడు. నాలుక ఆకారం కొంచెం మారడంతో కొన్ని అచ్చులు కొత్తగా పలుకుతున్నాయని గుర్తించి, వాటిని మళ్ళీ దారికి తెచ్చుకున్నాడు. 2016లో మళ్ళీ వేదిక ఎక్కాడు.

ఇక జీర, గర్జన. వినేవాళ్ళు గొంతు చించుకుంటున్నాడని భయపడేది ఇక్కడే. అసలు స్వరతంత్రులకు కొంచెం పైన మరో జత మడతలు ఉంటాయి. మామూలు మాటలో అవి పెద్దగా కదలవు. మెటల్ గాయకులు ఆ పై మడతలను దగ్గరకు తెచ్చి కంపింపజేస్తారు, కింది తంత్రులను వీలైనంత స్వేచ్ఛగా ఉంచుతారు. గరుకుదనం పైది, స్వరం కిందిది. తెలియక ఆ బరువంతా కింది తంత్రుల మీద వేసినవాడి గొంతు తొందరలోనే పట్టేస్తుంది. న్యూయార్క్‌లో మెలిస్సా క్రాస్ అనే స్వర శిక్షకురాలు ఈ కేకల విద్యనే పాఠంగా చెబుతుంది. ల్యాంబ్ ఆఫ్ గాడ్ గాయకుడు రాండీ బ్లైత్, ఆర్చ్ ఎనిమీలో పాడిన ఆంజెలా గోసోవ్ లాంటివాళ్ళు ఆమె దగ్గర నేర్చుకున్నారు. నోటికొచ్చినట్టు అరిచేవాళ్ళయితే పాఠాలకు ఎందుకు వెళ్తారు?

వీటన్నిటికన్నా పెద్ద విద్య, కేకను దాచుకోవడం. 1982లో ఐరన్ మెయిడెన్ పాట ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ రికార్డు చేస్తున్నప్పుడు నిర్మాత మార్టిన్ బర్చ్, పాట మొదట్లో వచ్చే మెల్లని నాలుగు మాటలనే డికిన్సన్ చేత గంటల తరబడి పాడించాడు. కుర్రాడికి విసుగు తలకెక్కింది. ఆ తరవాత వచ్చే కేక ఇవాళ్టికీ వినేవాళ్ళ ఒళ్ళు జలదరింపజేస్తుందంటే, అంతకు ముందు అంతసేపు అణిచిపెట్టినందువల్లే. మన పౌరాణిక నాటకాల పద్యం విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. మైకులు లేని రోజుల్లో హార్మోనియం హెచ్చు శ్రుతిలో మోగుతుంటే, నటుడు పద్యమంతా భావం చెడకుండా చదివి, చివరి మాట మీద రాగం అందుకునేవాడు. ఆఖరు వరసలో కూర్చున్నవాడు “వన్స్‌మోర్” అని లేచేది ఆ రాగానికే, కాని ఆ రాగానికి చోటు చేసింది ముందున్న పద్యం.

టీవీ పోటీకి ఇంత ఓపిక ఉండదు. ఒక పాటకు దక్కేది సుమారు నిమిషంన్నర. ఆరేడు నిమిషాల మెటల్ పాటను అంతలోకి కుదిస్తే పద్యం పోయి రాగం మిగులుతుంది. వారానికో రకం పాట పాడాలి: ఒకవారం మోటౌన్ సంస్థ పాటలు, ఒకవారం కంట్రీ, ఒకవారం సినిమా. పాట హక్కులున్నవాళ్ళు ఒప్పుకోవాలి. రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ పాట ‘అమెరికన్ ఐడల్’లో మొదటిసారి వినిపించింది 2009లో, అంటే ఎనిమిదో సీజన్ వచ్చాకే. ఆ వారం పోటీదారులకు సలహాదారుగా గన్స్ ఎన్ రోజెస్ గిటారిస్టు స్లాష్ వచ్చాడు. ‘హోల్ లాటా లవ్’ అనే ఆ పాట పాడినవాడు ఆడమ్ లాంబర్ట్. రంగస్థలం మీద సంగీత నాటకాల్లో పాడి వచ్చిన గొంతు కాబట్టి, ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ వదలాలో అతనికి ముందే తెలుసు. ఆ ఏడాది రెండో స్థానమే వచ్చింది. కాని ఫైనల్ రాత్రి క్వీన్ బ్యాండ్ సభ్యులు బ్రయాన్ మే, రోజర్ టేలర్ అదే వేదిక మీద వాయించారు. తరవాతి సంవత్సరాల్లో ఆ ఇద్దరితో కలిసి లోకమంతా తిరిగి పాడే అవకాశం లాంబర్ట్‌కు దక్కింది.

డర్బిన్ కథ నన్ను ఇంకా ఎక్కువ కదిలిస్తుంది. కాలిఫోర్నియాలోని సాంటా క్రూజ్ కుర్రాడు. తండ్రి బేస్ గిటారిస్టు, మాదకద్రవ్యాల వల్ల చనిపోయేనాటికి ఇతనికి తొమ్మిదేళ్ళు. టూరెట్ సిండ్రోమ్, ఆస్పర్జర్స్ ఉన్నాయని చిన్నతనంలోనే తేలింది. టూరెట్ అంటే ముఖం, మెడ తన అదుపులో లేకుండానే కదిలిపోయే బాధ. పాడుతున్నప్పుడు మాత్రం అదంతా దూరమవుతుందని అతనే చెప్పాడు. పోటీలో ప్రేక్షకుల ఓట్లు మొదలైన వారమే జూడాస్ ప్రీస్ట్ పాట ఎత్తుకున్నాడు. ఓట్ల కోసం అందరికీ తెలిసిన మెత్తని పాటతో మొదలుపెట్టే చోట, 1982 నాటి మెటల్ పాటతో మొదలుపెట్టడం చిన్న సాహసం కాదు. సినిమా పాటల వారం అయితే ‘హెవీ మెటల్’ అనే పేరున్న సినిమా నుంచి అదే పేరున్న పాట ఎంచుకున్నాడు. మెటల్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ దగ్గర ఏళ్ళ తరబడి వాయించిన జాక్ వైల్డ్ గిటార్ పట్టుకుని ఆ కుర్రాడి పక్కన నిలబడ్డాడు.

ఆ తోడు గురించి ఒక మాట. స్టూడియో బ్యాండ్ ఎంత నేర్పుగా వాయించినా, అది ప్రతి వారం పది రకాల పాటలకు సర్దుకునే బ్యాండ్. మెటల్ గిటారిస్టు పక్కన ఉంటే గాయకుడి భారం మారిపోతుంది. బరువు గిటార్ మోస్తుంది, గొంతు దాని మీద ఎక్కి నడుస్తుంది. తన గొంతు తనకు వినపడక బలంగా తోయడమే కొత్త గాయకులు గొంతు పాడుచేసుకునే మొదటి మెట్టు. పెద్దవాళ్ళు పక్కన నిలబడటంలోనే ఇలాంటి పాఠాలు కొన్ని మాటల్లేకుండా అందుతాయని నా నమ్మకం.

అన్ని పోటీలూ ఇలా ఫలించలేదు. 2006లో ‘రాక్ స్టార్: సూపర్‌నోవా’ అనే కార్యక్రమంలో మాట్లీ క్రూ డ్రమ్మర్ టామీ లీ, మెటాలికాలో బేస్ వాయించిన జేసన్ న్యూస్టెడ్, గన్స్ ఎన్ రోజెస్‌లో వాయించిన గిల్బీ క్లార్క్ కలిసి తమ కొత్త బ్యాండ్‌కు గాయకుణ్ణి వెతికారు. కెనడా గాయకుడు లూకాస్ రాసీ గెలిచాడు. ఒక ఆల్బమ్ వచ్చింది, కొన్ని ప్రదర్శనలు జరిగాయి, అంతే. ముగ్గురూ ఉద్దండులే. వాళ్ళ మధ్య కలిసి పెరిగిన పాట అంటూ ఒక్కటీ లేదు. ఏ వరసా లేని చోట వారసుణ్ణి ఎలా ఎంచుకుంటారు?

టీవీ పోటీలు రాకముందు మెటల్ తన వారసుల్ని వెతుక్కున్న పద్ధతి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 1992లో హాల్‌ఫర్డ్ జూడాస్ ప్రీస్ట్‌ను వదిలి కొన్నేళ్ళు బయటే ఉన్నాడు. నాలుగేళ్ళ తరవాత ఆ స్థానం దక్కింది అమెరికాలోని ఆక్రన్ ఊరి కుర్రాడు టిమ్ ఓవెన్స్‌కు. అతను ప్రీస్ట్ పాటలనే పాడే బ్యాండ్‌లో పాడుతుండేవాడు. ఆ ప్రదర్శన వీడియో డ్రమ్మర్ స్కాట్ ట్రావిస్ చేతికి చేరింది. పరీక్షకు పిలిచి ‘విక్టిమ్ ఆఫ్ చేంజెస్’ పాడమన్నారు. మొదటి చరణం దాటకముందే తీసుకున్నామని చెప్పేశారట. పెద్దవాళ్ళ పాటను అచ్చంగా పాడటం మెటల్‌లో అనుకరణ లెక్కలోకి రాదు, అది అక్షరాభ్యాసం. డర్బిన్ టీవీలో చేసిందీ అదే.

ఫిన్లండ్‌లో టీవీ పోటీకీ మెటల్‌కూ మధ్య గోడ ఇంకా పల్చన. 2006లో లార్డీ బ్యాండ్ రాక్షస వేషాలతో ఏథెన్స్‌లో యూరోవిజన్ గెలిచింది. మరుసటి ఏడాది అక్కడి ‘ఐడల్స్’ పోటీని మెటల్ పాటలు పాడే ఆరి కోయివునెన్ గెలిచాడు. అతని మొదటి ఆల్బమ్‌కు ఆ దేశపు మెటల్ బ్యాండ్లవాళ్ళే పాటలు కట్టి ఇచ్చారు. ఊరి పెద్దలు ఊరి కుర్రాణ్ణి చేరదీసినంత సహజంగా జరిగిపోయింది.

మనకూ ఈ దృశ్యం తెలుసు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పిల్లల పక్కన నిలబడి, జారిన శ్రుతిని, తప్పిన ఉచ్చారణను తానే పాడి సరిదిద్దుతుంటే చూస్తూ పెరిగిన తరం మనది. హిందీ పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్న విశాల్ దద్లానీ సినిమాలకన్నా ముందు ముంబయి రాక్ బ్యాండ్ పెంటాగ్రామ్‌లో పాడినవాడు. 2010లో ‘ఇండియన్ ఐడల్’ గెలిచిన శ్రీరామచంద్ర 2022లో ‘తెలుగు ఇండియన్ ఐడల్’కు వ్యాఖ్యాత అయ్యాడు, న్యాయనిర్ణేతల్లో ఒకరైన తమన్ డ్రమ్స్ వాయిస్తూ ఎదిగినవాడు. వరస ఇక్కడా ఉంది. మెటల్ గొంతుకే ఇంకా చోటు దొరకలేదు. బెంగళూరులో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ప్రదర్శన ఇస్తే ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కిక్కిరిసిన జనాన్ని చూసినవాళ్ళెవరూ ఈ దేశంలో ఆ చెవి లేదనరు.

డర్బిన్ 2017లో క్వయట్ రయట్‌ అనే పాత మెటల్ బ్యాండ్‌లో గాయకుడిగా చేరి, రెండేళ్ళ తరవాత బయటికొచ్చాడు. 2021లో తన పేరు మీదే బ్యాండ్ కట్టి ‘ది బీస్ట్ అవేకెన్స్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. సొంత పాటలే, కాని ఆ రాత్రి పక్కన నిలబడినవాళ్ళ తరం నాదం వాటిలో అడుగడుగునా మోగుతుంది. జూడాస్ ప్రీస్ట్ 2024 మార్చిలో ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ విడుదల చేసింది. హాల్‌ఫర్డ్‌కు అప్పటికి డెబ్బయి రెండేళ్ళు. కింది స్థాయిలో చాలాసేపు నడిపి, దాచి, అవసరమైన చోట మాత్రం పైకి వెళ్తాడు. ఆ కేక వచ్చేటప్పటికి వెనక వినిపించే గిటార్ ఫాక్నర్‌ది.