బొగ్గులవాడి వాదన

గ్రీకు హాస్యనాటకకర్త మెనాండర్ పేరు చాలాకాలము సూక్తులకే పరిమితమై ఉండినది. క్రీస్తు పూర్వము నాలుగవ శతాబ్ది చివర ఏథెన్సు నగరములో ఆయన నూరుకు పైగా నాటకాలు వ్రాసినాడు. రోమను కవులు వాటిని అనుసరించినారు. తరువాతివారు వాటిలోని నీతివాక్యాలను ఏరుకొని దాచినారు. నాటకాలు మాత్రము ప్రతులు వ్రాసేవారు లేక నశించినవి.

1905లో ఈజిప్టులోని కోమ్ ఇష్కావ్ వద్ద ఫ్రెంచి పండితుడు గుస్తావ్ లెఫెవ్ర్‌కు ఒక జాడీ దొరికినది. అందులో ఆరవ శతాబ్దిలో జీవించిన డయోస్కొరస్ అనే న్యాయవాది దస్తావేజులున్నవి. వాటిపై కప్పుగా వేసిన పపైరస్ పుటలే మెనాండర్ నాటకాలు! చిత్తుకాగితాలుగా వాడబడుటచేతనే అవి మనదాకా వచ్చినవి.

వాటిలో 'ఎపిట్రెపొంతెస్' ఒకటి. తగవును మధ్యవర్తికి అప్పగించినవారు అని ఆ పేరుకు అర్థము. డావొస్ అనే గొల్లవానికి పొదలలో ఒక పసిబిడ్డ, ఆ బిడ్డతో కొన్ని చిన్న నగలు దొరుకుతవి. పురిటిబిడ్డను పోగొట్టుకొన్న భార్య గల సిరోస్, బొగ్గులు కాల్చే బానిస, ఆ బిడ్డను బతిమాలి తీసుకొంటాడు. నగల సంగతి తరువాత తెలిసి వాటినీ అడుగుతాడు. దొరికినది నాకు, బిడ్డను ఇచ్చుటే దయ అని గొల్లవాడంటాడు. దారిన పోయే ఒక ముసలివానిని తీర్పరిగా నిలబెడతారు.

సిరోస్ వాదనయే ఈ నాటకానికి ప్రాణమని మా అభిప్రాయము. అడుగుతున్నది నేను కాదు, ఈ బిడ్డ అంటాడు వాడు. ఇవి సొత్తు కావు, రేపు తల్లిదండ్రులను గుర్తించే ఆనవాళ్ళు. పన్నెండు ద్రాక్మాలకు వీటిని అమ్ముకొంటే బిడ్డ తానెవరో తెలియకనే పెరుగుతాడు అంటాడు. తీర్పరి బిడ్డ పక్షమే పలుకుతాడు. ఆ బిడ్డకు తానే తాతనని ఆయనకు తెలియదు. నవ్వించే చమత్కారమంతా ఇక్కడ ఉన్నది. కాని న్యాయము పలికినది బానిస నోట అన్న సంగతి మరువరాదు.

ఈ నాటకములో లోపము లేకపోలేదు. బిడ్డ తల్లి పాంఫిలేను పెండ్లికి ముందు ఒక పండుగ రాత్రి చెరచినవాడు ఆమె భర్తయే. ఆ సంగతి ఇద్దరూ ఎరుగరు. రహస్యముగా బిడ్డను కన్నదని భార్యను విడిచిన అతడు, తన తప్పు తెలిసి తన్ను తాను నిందించుకొంటాడు. ఆ ఘట్టము గొప్పదే. అయినా బలాత్కారాన్ని సుఖాంతానికి మెట్టుగా చేయుట మనకు మింగుడుపడదు. తల్లిని కనిపెట్టినది హబ్రొటొనొన్ అనే వీణకత్తె. ఆమె కూడా బానిసయే, విడుదల కోరుతుంది. నాటకము చివరి భాగము లుప్తము కాగా, దొరికిన పుటలలో ఆ విడుదల మనకు కనబడదు. ఖాళీలను ఊహతో పూరించి ఆమెకు స్వేచ్ఛ ఇచ్చేవారున్నారు. మేము దానికి ఒప్పుకొనము. చినిగినచోట చినిగినదనే చూపవలెను.

సిరోస్ వాదన మనకు పరాయిది కాదు. మారిషస్ చేరిన మన పూర్వీకుల పేర్లు, ఊళ్ళు వలస రిజిస్టర్లలో నంబర్ల ప్రక్కన మిగిలినవి. సర్కారు లెక్క కొరకు వ్రాసిన ఆ వరుసలే నేడు మనుమలకు ఊరిజాడ చెప్పే ఆనవాళ్ళు.

మన నాటక సమాజాలు ఆ ఒక్క రంగాన్ని తెలుగులో ఆడవచ్చును. మాటలాడేవారు ముగ్గురు, బిడ్డనెత్తుకొని మౌనముగా నిలిచే ఒక స్త్రీ ఉంటే చాలును. తీర్పుతోనే తెర దించవలెను. లేని ముగింపును అతికించవద్దని మా మనవి.