చీకటి పెట్టెలో నీలి వెలుగు: చవక పరీక్షకు గీటురాయి

2020 డిసెంబరు 5న ఏలూరులో ఒక వింత వ్యాధి తలయెత్తింది. మూర్ఛలతో, వాంతులతో 600 మందికి పైగా ఆస్పత్రి పాలైనారు, ఒకరు మరణించారు. నమూనాలు ఢిల్లీకి, హైదరాబాదుకు పోయినవి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు మొదట తేలింది. పిదప దృష్టి పురుగుమందుల అవశేషాల వైపు మళ్ళింది. రోగి ఒకచోట, పరీక్ష వేరొకచోట! ఈ దూరాన్ని తగ్గించే సాధనం లేదా?

రసాయన చర్యలో పుట్టే వెలుగును సెల్‌ఫోను కెమెరాతో కొలిచే పద్ధతి అట్టి ఆశ కల్పిస్తున్నది. హైదరాబాదు బిట్స్ పిలానీ ప్రాంగణంలో సంకేత్ గోయల్ బృందం ఈ దిశలో చేసిన కృషి గమనింపదగినది. ప్లాస్టిక్ జాతికి చెందిన పాలిఇమైడ్ పొరపై లేజరు కిరణంతో గీస్తే, గీసినమేర గ్రాఫీన్ ఎలక్ట్రోడుగా మారుతుంది. దానిపై లూమినాల్, హైడ్రోజన్ పెరాక్సైడు ఉంచి స్వల్ప వోల్టేజి ఇస్తే, మిణుగురు పురుగు వెలుగువలె వేడిలేని నీలికాంతి వెలువడుతుంది. చీకటి పెట్టెలో దానిని ఫోటో తీస్తారు. గ్లూకోజు ఆక్సిడేజు అనే ఎంజైము గ్లూకోజునుండి పెరాక్సైడును పుట్టిస్తుంది; కావున గ్లూకోజు హెచ్చినకొలది వెలుగు హెచ్చుతుంది. వేరే దీపంతో పనిలేదు గనుక పరికరం చిన్నది, చవకైనది. ఈ గుణం మెచ్చదగినదే.

పురుగుమందులకూ ఈ సూత్రం వర్తిస్తుంది. ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజు విడగొట్టిన కోలిన్‌నుండి మరొక ఎంజైము పెరాక్సైడును తయారుచేస్తుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందు మొదటి ఎంజైమును అణచివేస్తే వెలుగు మందగిస్తుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఎండవేడిమికి ఎంజైము చెడినా వెలుగు తగ్గుతుంది. కొల్లేటి నీటి మురికి అడ్డుపడినా తగ్గుతుంది. సీరమును వేరుచేయక రక్తాన్ని నేరుగా వాడితే హీమోగ్లోబిన్‌లోని ఇనుమే లూమినాల్‌ను వెలిగించగలదు. నేరస్థలంలో రక్తపు మరకలను పట్టేది ఈ గుణంతోనే. ఫోను తనంతట తాను కాంతిని సర్దుకొంటే రెండు ఫోటోలకు పోలిక చెడుతుంది. కావున ప్రతిసారీ ప్రామాణిక ద్రావణాన్ని పక్కన ఉంచి సరిచూడాలి. ఆ ద్రావణం, ఎంజైములు, వాటిని నిలువచేసే చల్లని పెట్టె, వీటి ఖర్చు లెక్కించకుండా పరీక్ష చవక అనరాదు.

మరొక పరిమితి ఇంకా ముఖ్యమైనది. ఈ పరీక్ష అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఏలూరులో తొలినాళ్ళలో విషమేదో ఎవరికీ తెలియదు. అట్టివేళ పెద్ద ప్రయోగశాల స్థానాన్ని ఇది ఆక్రమించలేదు. వందల నమూనాలలో ఏవి ముందు పంపాలో వేరుచేసి చూపగలదు. అదీ తక్కువ మేలు కాదు. తాడేపల్లిగూడెంలో 2015లో ప్రారంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ చేరువలోనే ఉన్నది. కొల్లేటి చేపల చెరువుల నీటినే తెచ్చి, పెద్ద యంత్రపు ఫలితంతో ఈ వెలుగును అక్కడ పోల్చి చూడవచ్చు. ఆ పోలికలో నెగ్గిన పరికరాన్నే రోగి మంచం దగ్గరకు తేవాలి.